ఒక బొంత పుట్టుపూర్వోత్తరాలు

కర్మాగారంలో పనిచేసే మనకందరికీ ‘హిస్టరీ కార్డు’ అనే మాట సుపరిచితమే. ఒక పంపును ఎప్పుడు కొన్నదీ, ఎవరు తయారుచేసినదీ, ఏ సంవత్సరంలో బేరింగు మార్చినదీ, మోటారుకు ఎన్నిసార్లు వైండింగు తిరిగి చుట్టినదీ ఆ కార్డుపై నమోదై ఉంటుంది. యంత్రం వయస్సు ముప్పై సంవత్సరాలైనా దాని జీవితచరిత్రను ఐదు నిమిషాలలో చదువుకొనవచ్చును. మన ఇండ్లలో అంతకు రెట్టింపు కాలం సేవచేసిన వస్తువులకు మాత్రం ఇటువంటి కార్డులు లేవు. తిరుగలి, గంగాళం, రోకలి, బొంత – వీటిని ఎవరు చేశారో, ఎవరి చేతిమీదుగా వచ్చాయో చెప్పగలిగిన పెద్దలు ఒక్కొక్కరుగా వెళ్లిపోతున్నారు. వీటన్నింటిలో బొంత మరీ అనాథ. ఇత్తడి గంగాళంమీద కనీసం పేరైనా చెక్కించుకొనే ఆచారం మన ప్రాంతంలో ఉన్నది; బొంతమీద పేరు కుట్టుకొన్నవారిని నేను ఎరుగను.

కృష్ణా డెల్టాలోని మా స్వగ్రామం నుండి వచ్చిన ఒక బొంత చాలాకాలంగా మా ఇంట ఉన్నది. మా నాయనమ్మ తన పెళ్లిచీరతో, తొలిచూలు కొడుకైన మా నాన్నగారికోసం, 1938లో స్వహస్తాలతో కుట్టినదని మా వంశంలో ప్రతీతి. నాయనమ్మ 1994లో మరణించేవరకు దానిని విడిచిపెట్టలేదు. వేసవికాలంలో సైతం మడతపెట్టి తలగడ క్రింద ఉంచుకొనేది. ఈ మధ్య మా బాబాయి కుమారుడు శ్రమపడి మా వంశవృక్షాన్ని పుస్తకంగా అచ్చువేయ సంకల్పించి, అందులో ఈ బొంత ఛాయాచిత్రం ఒకటి వేయవలెనని, దాని క్రింద నాలుగు వాక్యాలు వ్రాసి పంపమని నన్ను కోరాడు. అంతటితో ఆగలేదు. నాయనమ్మ సంతానం నలుగురు – మా నాన్నగారు, మేనత్త, ఇద్దరు బాబాయిలు – కనుక బొంతను నాలుగు సమాన భాగాలుగా కత్తిరించి, అద్దాల చట్రాలలో బిగించి నాలుగు శాఖలవారు తలా ఒకటి ఉంచుకొనవచ్చునని కూడా సూచించాడు. ఈ ఆలోచన మా బంధువులలో పలువురికి నచ్చినది. కత్తెర వేసే ముందు నాకు ఒక నెల గడువు ఇమ్మని నేను అడిగాను. ముప్పై ఏళ్లకు పైగా వెల్డింగు తనిఖీలో, అనగా వస్తువును పగలగొట్టకుండా లోపలి స్థితిని కనుగొనే శాఖలో పనిచేసినవాడిని కనుక, ఏ వస్తువునైనా పరీక్షించకుండా కోయుట నా వృత్తిధర్మానికి సరిపడదు.

పరిశీలన వివరాలలోకి వెళ్లేముందు బొంత అనే వస్తువును గురించి కొంత చెప్పవలసి ఉన్నది. రాజకీయ వ్యాఖ్యాతలు నిలకడలేని మంత్రివర్గాలను ‘అతుకుల బొంత’ అని ఎద్దేవా చేయుట పరిపాటి. ఈ పోలిక బొంతకు అన్యాయం చేస్తున్నది. చిరిగి విడివిడిగా దేనికీ పనికిరాని ఆరు గుడ్డలను కలిపి, ఏ ఒక్క గుడ్డకూ లేని బలాన్ని, వెచ్చదనాన్ని సమకూర్చే నిర్మాణం అది. ఉపయోగించే ముడిసరుకు అంతా వాడి పారవేయదగినది; ఖర్చు కేవలం దారము, సూది, మధ్యాహ్నపు తీరిక. ఇటువంటి నిర్మాణాన్ని మన పరిశ్రమలో ఎవరైనా రూపొందించి ఉంటే సలహాల పథకం క్రింద బహుమతి లభించి ఉండేది.

ఉద్యోగరీత్యా నేను ఉత్తరాది టౌన్‌షిప్పులలో గడిపిన సంవత్సరాలలో ఈ బొంతకు దేశమంతటా చుట్టాలున్నారని తెలిసినది. డిసెంబరు ఎండకు మా వరండా పిట్టగోడమీద దానిని ఆరవేసినప్పుడు ఇరుగుపొరుగువారు ఒక్కొక్కరు ఒక్కొక్క పేరుతో పలుకరించేవారు. వంగదేశపు మిత్రుని ఇంట అది ‘కాంథా’. బీహారు మిత్రుని తల్లిగారు దానిని ‘సుజని’ అన్నారు. ముజఫర్‌పూర్ జిల్లాలో పుట్టిన శిశువును చుట్టడానికి పాత చీరలతో, ధోవతులతో కుట్టే మెత్తని బొంతకు అదే పేరు. మహారాష్ట్రులది ‘గోధడీ’, కన్నడిగులది ‘కౌది’. సింధు, రాజస్థాన్, కచ్ ప్రాంతాలవారిది ‘రల్లీ’. సంస్కృతంలో సన్న్యాసుల అతుకుల వస్త్రానికి ‘కంథ’ అనే పేరు ప్రసిద్ధమే. బౌద్ధ భిక్షువుల చీవరాన్ని మగధదేశపు వరిమళ్ల గట్ల తీరున ముక్కలు కూర్చి కుట్టే పద్ధతిని ఆనందుడు ఏర్పరచినాడని వినయపిటకం చెబుతున్నది. ముక్కలు కలిపి కుట్టుటకు ఇంత ప్రాచీన గౌరవం ఉన్నదన్న మాట.

వీటిలో రెండింటిని గురించి ప్రత్యేకంగా చెప్పక తప్పదు, నా పరిశీలనకు అవి తోడ్పడినవి కనుక. మొదటిది కోల్‌కతా శివార్లలోని గురుసదయ్ సంగ్రహాలయంలో ఉన్న మానదాసుందరి కంథ. పందొమ్మిదవ శతాబ్దికి చెందిన ఆ మహిళ దానిని తన తండ్రికొరకు కుట్టి, ఆ సంగతిని తన పేరుతో సహా కంథమీదనే దారంతో వ్రాసినది. కుట్టినవారెవరో, ఎవరికొరకో తెలిసిన పాత కంథలు అరుదు. రెండవది కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో హళియాళ, యల్లాపుర ప్రాంతాలలో నివసించే సిద్ది స్త్రీల ‘కవంది’. సిద్దీలు ఆఫ్రికానుండి వచ్చినవారి సంతతి. వారు బొంతను అంచునుండి మొదలుపెట్టి, నాలుగు ప్రక్కలా తిరుగుతూ, లోపలికి లోపలికి వచ్చి నడిమధ్యలో ముగిస్తారు. మూలలలో ‘ఫూల్’ అని పిలిచే చిన్న ముక్కలు కుట్టి అలంకరిస్తారు. ఆ మూలల అలంకారం మినహా మా బొంత కుట్టిన తీరు కూడా సరిగ్గా ఇదే. అంచునుండి మధ్యకు, చతురస్రాకారపు సుడివలె సాగినది. దీని ప్రాముఖ్యం ముందు ముందు తెలియగలదు.

ఇక పరిశీలన. బొంత పొడవు 2 మీటర్లు, వెడల్పు 1.35 మీటర్లు, బరువు 2 కిలోల 50 గ్రాములు. ఒక వరుసకూ మరొక వరుసకూ మధ్య దూరం సగటున 12 మిల్లీమీటర్లు. ఒక కుట్టు నుండి మరొక కుట్టుకు 8 మిల్లీమీటర్లు. వైశాల్యాన్ని వరుసల మధ్య దూరంతో భాగిస్తే సుడి మొత్తం పొడవు 225 మీటర్లు వస్తుంది. అనగా సుమారు 28 వేల కుట్లు. దళసరి గుడ్డలో నిమిషానికి పన్నెండు కుట్లు పడతాయనుకొన్నా ముప్పై తొమ్మిది గంటల పని. ఇంటి పనంతా ముగిసిన తరువాత రోజుకు ఒక గంట దొరికితే నలభై రోజులు. ఈ లెక్క వేసిన తరువాత నేను ఆ బొంతను మడతపెట్టే తీరు మారినదని నా శ్రీమతి అంటున్నది.

వెచ్చదనం సంగతి కూడా ఇక్కడే చెబుతాను. నిశ్చలంగా ఉన్న గాలి మంచి ఉష్ణనిరోధకం. దాని ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి సుమారు 0.026 వాట్లు మాత్రమే. బొంతలోని పొరల నడుమ, కుట్టుకూ కుట్టుకూ మధ్య ఉబ్బిన చోటులలో గాలి కదలకుండా చిక్కుకొని ఉంటుంది. మనల్ని చలినుండి కాపాడేది గుడ్డకంటె ముఖ్యంగా ఆ గాలి. కుట్లు మరీ దగ్గరైతే గాలికి చోటుండదు, మరీ దూరమైతే పొరలు జారిపోతాయి. 12 మిల్లీమీటర్ల దూరాన్ని ఏ పాఠ్యపుస్తకం చదవకుండా నిర్ణయించిన చేతికి నమస్కారం.

మా శాఖలో మొదటి సూత్రం దృశ్యపరీక్ష. భూతద్దంతో ప్రతి అంగుళమూ చూచి ఆ తరువాతనే తక్కిన పరికరాలను తాకవలెను. బొంతకు ఎడమ మూల ఒక చిరుగు, పొడవాటి అంచున మరొక చిరుగు ఉన్నవి. ఆ రెండు కిటికీల గుండా పొరలన్నీ కనబడినవి. పై ముఖం ఇటుకరంగు చేనేత చీర, రంగు వెలిసి గులాబీ ఛాయకు వచ్చినది. దాని క్రింద రెండు పంచెలు, సన్నని అంచులతో. ఆ క్రింద మిల్లుగుడ్డ ఒకటి. ఆపైన ఎరుపు నలుపు గళ్ల తేలియా రుమాలు ముక్కలు. చీరాలలో నూలును నూనె, బూడిదనీటితో పదునుచేసి, నేయడానికి ముందే పోగులకు రంగు కట్టి నేసిన ఈ రుమాళ్లు ఒకప్పుడు అరేబియా తీరానికి ఓడలలో వెళ్లేవి. పోగులకే రంగు పట్టించుట వలన గళ్ల అంచులు ఈకలవలె చెదిరి, రెండు వైపులా ఒకే తీరుగా కనబడతాయి. కనుక గుర్తుపట్టుట సులభం. చిట్టచివరి పొర, అనగా బొంత వెనుక ముఖం, తెల్లని నేత చీర. దానికి అంచు లేదు.

ఒక మూల మాత్రం ఖాకీరంగు అతుకు ఉన్నది. దాని పోగు ఒకటి లాగి వెలిగిస్తే కరిగి నల్లని గట్టి పూసవలె ముద్దకట్టినది. నూలు అయితే కాగితం వాసనతో కాలి బూడిద అవుతుంది. కరిగినది గనుక పాలియెస్టరు కలిసిన గుడ్డ. మన దేశంలో పాలియెస్టరు నూలు తయారీ 1960ల మధ్యలో మొదలైనది. అది నా పాఠశాల నిక్కరు అయి ఉండవచ్చునని మా అమ్మ పోలిక పట్టినది. ఆ అతుకు కుట్టుమిషనుపై వేసినది. దానితో మనకు పని లేదు.

పని ఉన్నది మిల్లుగుడ్డతో. ప్రక్కనుండి ఏటవాలుగా టార్చి వేసి చూచినప్పుడు ఆ పొరమీద మాసిపోయిన సిరాముద్ర ఒకటి కనబడినది. వెనుకనుండి చూచుట వలన అక్షరాలు తిరగబడి ఉన్నవి. ఛాయాచిత్రం తీసి అద్దంలోవలె త్రిప్పి చదువుకొన్నాను. మిల్లు పేరు చెరిగిపోయినది. సంవత్సరం లేదు. ‘గజం’ అనే అర్థమిచ్చే ఆంగ్లాక్షరాలు, వాటి ప్రక్కన 0–9–6 అనే అంకెలు మిగిలినవి. గజం ధర తొమ్మిది అణాల ఆరు పైలు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో గుడ్డకు విపరీతమైన కరువు వచ్చి, నల్లబజారు పెరిగినప్పుడు ప్రభుత్వం 1943లో నూలువస్త్రాల నియంత్రణ ఉత్తర్వు జారీచేసి, మిల్లుగుడ్డపై ధర ముద్రించవలెనని నిర్బంధించినది. చవుకడిపో ముందు గుడ్డకోసం వరుసలో నిలబడిన సంగతులు మన ముందుతరంవారు చెప్పగా విన్నవే. ఇక అణాలు 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చుటతో లెక్కలనుండి తొలగిపోయినవి. కనుక ఆ గుడ్డ 1943కు తరువాత, 1957కు ముందు మిల్లునుండి వచ్చినది.

ఆ ముద్రమీదుగానే సుడి కుట్టు సాగినది. ఒకే దారం ఆరు పొరలనూ తొలుచుకొని పోయినది. కనుక మా నాన్నగారు పుట్టిన 1938లో ఈ బొంతను ఇప్పుడున్న రూపంలో కుట్టి ఉండుట అసంభవం.

వంశప్రతీతిలో ఒక భాగం ఇట్లు వీగిపోయిన పిమ్మట రెండవ భాగాన్ని, అనగా కుట్టిన చేతిని, పరీక్షించవలసి వచ్చినది. ఇక్కడ సిద్దీల కవంది నాకు దారి చూపినది. బొంత అంచును తన ఒడివైపు ఉంచుకొని కూర్చున్న స్త్రీ కుడిచేతి వాటం కలది అయితే, సూది కుడినుండి ఎడమకు నడుస్తుంది. పైనుండి చూచినప్పుడు ఆ సుడి గడియారపు ముళ్లు తిరిగే దిశలో, అనగా ప్రదక్షిణంగా, లోపలికి పోతుంది. ఎడమచేతి వాటం అయితే సుడి అప్రదక్షిణంగా తిరుగుతుంది. దారం ఎటునుండి ఎటు నడిచినదో తెలుసుకొనుట కష్టం కాదు. ప్రతి దారానికి మొదట ముడి, చివర వెనుకకు తిప్పి వేసిన రెండు కుట్లు ఉంటాయి. నాకు స్పష్టంగా కనబడిన ముడులు ముప్పై ఒకటి. ముప్పై ఒకటీ అప్రదక్షిణ దిశనే చూపినవి.

ఒక్క నమూనాతో నిర్ణయం చేయరాదు. బొంత మధ్యలో కూర్చుని అంచును దూరంగా ఉంచి కుట్టేవారికి ఈ దిశ తారుమారు అవుతుంది. నాయనమ్మ 1960లలో కుట్టగా మా పిన్నిగారు కళ్లారా చూచిన మరొక బొంత విజయవాడలో మా బాబాయి ఇంట ఉన్నది. దానిని పరచి ఛాయాచిత్రాలు పంపమన్నాను. అదీ సుడికుట్టే, అదీ అంచునుండి మధ్యకే. అయితే ముడులన్నీ ప్రదక్షిణ దిశలో ఉన్నవి. ఒకే ఇంటిలో, ఒకే పద్ధతిలో కుట్టిన రెండు బొంతలు ఎదురెదురు దిశలలో తిరిగినవి. నాయనమ్మ కుడిచేతి వాటం మనిషి అని అందరికీ తెలుసు.

అప్పుడు వెనుక ముఖంలోని అంచులేని తెల్లచీర జ్ఞాపకం వచ్చినది. పంచెలకు సైతం సన్నని అంచు ఉంటుంది. ఆ కాలంలో అంచులేని తెల్లచీర కట్టవలసిన స్త్రీలు ఎవరో పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. మా తాతగారు 1971 వరకు జీవించి ఉన్నారు. కనుక అది నాయనమ్మ చీర కానేరదు. ఆ ఇంటిలో తెల్లచీర కట్టిన మరొక స్త్రీ ఉండి ఉండవలెను, ఆమెది ఎడమచేతి వాటం అయి ఉండవలెను. మా సోదరుడు సిద్ధంచేసిన వంశవృక్షంలో అటువంటివారు ఎవరూ లేరు.

నాయనమ్మ సంతానంలో ఇప్పుడు మిగిలినది ఎనభై నాలుగేళ్ల మా మేనత్త ఒక్కతే. హైదరాబాదులో కుమారుని వద్ద ఉంటున్నది. ఒక ఆదివారం ఫోనుచేసి, “అత్తయ్యా, మన ఇంట్లో ఎడమచేత్తో కుట్టేవాళ్లు ఎవరైనా ఉండేవారా?” అని అడిగాను.

“మా పెద్దత్తయ్య. నాన్నకు అక్క,” అని తడుముకోకుండా చెప్పినది. “అన్నం కుడిచేత్తో తినడం అలవాటు చేశారు గాని, సూది మాత్రం ఆ చేతికి రాలేదురా. ఆవిడ సంగతి నీకెవరు చెప్పారు?”

బొంత చెప్పినదన్నాను. మేనత్త నవ్వినది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగితే, “అడిగినవాళ్లుంటే చెప్పేదాన్ని కదురా,” అన్నది.

మా తాతగారి అక్కగారికి ఎనిమిదవ ఏట వివాహమైనది. రెండేళ్లలో భర్త పోయినాడు. పదేళ్ల పిల్లను పుట్టింటికి తీసుకువచ్చారు. అది సుమారు 1912 నాటి మాట. రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారు మొట్టమొదటి వితంతు వివాహం జరిపించినది 1881 డిసెంబరు 11న. అప్పటికి ముప్పై ఏళ్లు గడిచినవి. రాజమహేంద్రవరం మా ఊరికి పెద్ద దూరమూ కాదు. అయినా ఆ వార్త మా ఇంటి గడప దాటి లోపలికి రాలేదు. బాల్యవివాహాలను నిరోధించే శారదా చట్టం 1930 ఏప్రిల్‌లో గాని అమలులోకి రాలేదు. ఆమె నలభై ఏళ్లకు పైగా ఆ ఇంటిలో వంట చేసినది, తమ్ముని పిల్లలను పెంచినది, పాతగుడ్డలు పోగుచేసి బొంతలు కుట్టినది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953లో, దీపావళికి కొద్ది రోజుల ముందు మరణించినది. సంతానం లేదు కనుక తద్దినం పెట్టినవారు లేరు. తద్దినం లేదు కనుక పేరు తలచినవారూ లేరు. ఆ బొంతను స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదో, ఆ మరుసటి ఏడాదో, పశువుల కొట్టం పక్క వసారాలో కూర్చుని కుట్టినదని, తాను సూదిలో దారం ఎక్కించి ఇచ్చేదాన్నని మేనత్త చెప్పినది. ఇది నేను కనుగొన్న 1943–1957 వ్యవధికి లోబడియే ఉన్నది.

ఇంతటితో నా నివేదిక పూర్తి కావలసినది. కాని ఒక్క కొలత మిగిలిపోయినది. బొంత మందం అంచులవద్ద 4 మిల్లీమీటర్లు ఉండగా నడిమధ్యన 7 మిల్లీమీటర్లు ఉన్నది. మొదట అది పొరల ముడుత అనుకొనుటకు వీలున్నది. రేడియోగ్రఫీ ఫిలింలు చూచే వెలుతురుపెట్టె ఇంటిలో లేదు కనుక, గాజుబల్ల క్రింద ఎల్.ఇ.డి. దీపం అమర్చి, గదిలో చీకటిచేసి బొంతను పరచినాను. మధ్యలో ముదురు నీడ పడినది. నాలుగు మూలలూ తీర్చినట్లున్న దీర్ఘచతురస్రం. పొడవు 75 సెంటీమీటర్లు, వెడల్పు 55. దాని లోపల పై సుడితో సంబంధంలేని సన్నని అడ్డువరుసల కుట్లు మసకగా కనబడినవి. పొరల మధ్య మరొక బొంత ఉన్నది. చిన్న బొంత. పసిబిడ్డకు చాలినంతది.

దానిని బయటికి తీసి చూడవలెనన్న ఉత్సాహం మా సోదరులకు కలిగినది. అది 1938 నాటిది, మా నాన్నగారిది, పెళ్లిచీరతో కుట్టినది అయి ఉండవచ్చును. అప్పుడు వంశప్రతీతి సగమైనా నిలబడుతుంది. మధ్యలో రెండు జానల మేర కుట్లు విప్పితే చాలు, తిరిగి కుట్టించవచ్చును అన్నారు. ఇంజనీరుగా ఆ వాదన నాకు అసమంజసంగా తోచలేదు. అయినా మేనత్తకు ఒక్క మాట చెప్పుట ధర్మమని మళ్లీ ఫోను చేశాను. మధ్యలో చిన్న బొంత ఉన్నదని చెప్పగానే అవతలనుండి కొంతసేపు మాట లేదు.

“మీ నాన్నకంటె ముందు ఒక ఆడపిల్ల పుట్టిందిరా. మూడు నెలలు కూడా బతకలేదు,” అన్నది చివరకు. “నేను అప్పటికి పుట్టనేలేదు. పెద్దత్తయ్యే ఒకసారి చెప్పింది. ఆ పిల్ల తాలూకు గుడ్డలన్నీ తీసెయ్యమన్నారట. ఆవిడ అన్నీ ఇచ్చేసింది గాని బొంత మాత్రం ధాన్యపు కొట్లో దాచిపెట్టింది.”

“నాయనమ్మకు తెలుసా?”

“మీ నాయనమ్మ వేరే బొంత కప్పుకోవడం నువ్వెప్పుడైనా చూశావా? విప్పకండి నాన్నా. అది విప్పేది కాదు.”

లోపలి బొంత ఆ పాపదే అని నిరూపించే సాక్ష్యం నా వద్ద లేదు. నూలు దారం నూలు గుడ్డలో ఎక్స్‌రేకు సైతం విడిగా కనబడదు. అడ్డువరుసలు ఏ చేతివో, లోపలి గుడ్డ ఏ చీరదో విప్పకుండా చెప్పగలిగిన సాధనం నాకు తెలియదు. ధాన్యపు కొట్టులో పది పన్నెండేళ్లు దాగిన చిన్న బొంతను, గుడ్డకు కరువైన రోజులలో, తన తెల్లచీర వెనుక ఉంచి, తమ్ముని పంచెలూ మరదలి చీరా ముందు ఉంచి, ఎవరికీ చెప్పకుండా నలభై రోజులు కుట్టిన మనిషి ఏమనుకొన్నదో కొలిచే పరికరం అసలే లేదు. నివేదికలో ఇంతవరకే వ్రాశాను: ‘మధ్యభాగంలో పూర్వపు నిర్మాణం కలదు. తెరవరాదు.’

మా సోదరులు కత్తెర ప్రతిపాదనను విరమించుకొన్నారు. నాలుగు భాగాలుగా కోస్తే నాలుగు కోతలూ ఆ చిన్న బొంతమీదనే కలుస్తాయని గీసి చూపిన తరువాత ఎవరూ మారు మాట్లాడలేదు. బొంత ఏడాదికొక ఇంట, సంక్రాంతినుండి సంక్రాంతివరకు ఉండునట్లు ఒప్పందమైనది. వంశవృక్షంలో తాతగారి ప్రక్కన వారి అక్కగారి గడి చేరినది. ఆమె అసలు పేరు మేనత్త చెప్పగా వ్రాసుకొన్నాము. నాయనమ్మ సంతానంలో మొదటి గడి కూడా చేరినది. ఆ పాపకు నామకరణం జరిగినదో లేదో మేనత్తకు తెలియదు. అందులో ‘1936’ అని మాత్రమే ఉన్నది.

మొదటి ఏడాది బొంత మేనత్త ఇంటికే వెళ్లినది. నాఫ్తలీను గోలీలు వేయవద్దని, ఉతకవద్దని, వేపాకు వేసి మడిచి నెలకొకసారి నీరెండలో వేస్తే చాలునని ఆమె ఆజ్ఞ. నేను పరిశీలనకు కిటికీగా వాడుకొన్న ఎడమ మూల చిరుగును కళ్లద్దాలు పెట్టుకొని తానే కుట్టివేసినది. మనుమరాలు సూదిలో దారం ఎక్కించి ఇచ్చినదట. మేనత్తది కుడిచేతి వాటం. కనుక ఆ మూల నలభై కుట్లు మాత్రం ఎదురు దిశలో ఉన్నవి.